ఇంటిపేరు: మనిషికి అది ఏమవుతుంది?

తెలుగువారి పేరులో రెండు భాగాలుంటాయి. ముందు ఇంటిపేరు, ఆ తరువాత పెట్టినపేరు. పెట్టినపేరు ఒక్క మనిషిది. ఇంటిపేరు ఆ మనిషి పుట్టకముందే ఉంటుంది, పోయిన తరువాతా పిల్లల పేర్ల ముందు నిలుస్తుంది. అందుకే దాన్ని గురించి ఒక పాత తాత్విక ప్రశ్న ఉంది. ఇంటిపేరు మనిషి స్వరూపంలో భాగమా? లేక మనిషి కొంతకాలం నిలబెట్టి తరువాతివారికి అప్పగించే సంబంధమా? మొదటిదే నిజమైతే వంశాన్ని బట్టి మనిషి విలువ కట్టడం తప్పు కాదు. రెండోదే నిజమైతే పుట్టుక వల్ల బాధ్యతలు వస్తాయి కాని గొప్పతనం గానీ తక్కువతనం గానీ రావు. ఇంటిపేర్లు ఎలా పుట్టాయో, ఎలా మారతాయో, ఏ ధర్మాలు వాటిని పట్టుకుని ఉన్నాయో వరుసగా చూస్తే జవాబు దొరుకుతుంది.

పేరులోని రెండు భాగాలు రెండు వైపులకు చూపుతాయి. ఉత్తరాంధ్రలోని రాజాం చుట్టుపక్కల పెట్టినపేర్లలో ఆ ప్రాంతపు దేవుళ్లందరూ కనిపిస్తారు. అప్పన్న, అప్పలనాయుడు, అప్పలనర్సమ్మ, సింహాచలం అనే పేర్లు సింహాచలం కొండమీది స్వామివి. పైడిరాజు, పైడితల్లి అనేవి విజయనగరం అమ్మవారివి. సూర్యనారాయణ అరసవల్లి దేవుడు, కూర్మారావు శ్రీకూర్మం దేవుడు, ముఖలింగం శ్రీముఖలింగం దేవుడు. పెట్టినపేరు కుటుంబపు మొక్కునూ భక్తినీ చెబుతుంది. ఇంటిపేరు మాత్రం పెద్దలు ఎక్కడ బతికారో, ఏం చేశారో, లోకం వారిని ఎలా గుర్తుపట్టిందో చెబుతుంది.

పుట్టుక

తెలుగు శాసనాల్లో తొలినాళ్ల మనుషులకు ఎక్కువగా తండ్రి పేరో, ఊరో, ఉద్యోగమో గుర్తు. కాకతీయుల కాలానికి వచ్చేసరికి మల్యాల, రేచర్ల, విరియాల, గోన, చెరకు వంటి వంశనామాలు సామంతుల పేర్ల ముందు స్థిరపడ్డాయి. కవుల్లోనూ ఈ మార్పు తెలుస్తుంది. పదకొండో శతాబ్దపు నన్నయను భట్టు అనే పాండిత్య సూచకంతో పిలుస్తారు. పదమూడో శతాబ్దపు తిక్కనకు కొట్టరువు అనే ఇంటిపేరు ఉంది. పద్నాలుగో శతాబ్దపు ఎర్రనను ఎర్రాప్రగడ అంటారు. ప్రగడ అంటే మంత్రి.

అన్నిటికన్నా పెద్ద వర్గం ఊళ్ల పేర్లది. తాళ్ళపాక అన్నమాచార్యులు, బమ్మెర పోతన, ఘంటసాల వేంకటేశ్వరరావు పేర్లలో ఊరి పేరు ఉన్నదున్నట్టు నిలిచింది. మరికొన్నిటిలో ఊరి పేరు చివర మారుతుంది. కందుకూరు కందుకూరి అయింది, దువ్వూరు దువ్వూరి అయింది, పోలవరం పోలవరపు అయింది. పాడుతో ముగిసే ఊళ్లు పాటిగా మారతాయి. ఇల్లు ఇంటి, ఏరు ఏటి అయినట్టే ఇదీ. వ్యాకరణం వీటిని ఔపవిభక్తిక రూపాలంటుంది. ఆ రూపంలోనే అర్థం ఉంది. కందుకూరి అంటే కందుకూరుకు చెందిన అని. మనిషి ఊరికి చెందుతాడు, ఊరు మనిషికి కాదు.

ఊరి పేరు ఇంటిపేరు కావాలంటే సాధారణంగా ఆ ఊరు విడిచి రావాలి. సొంత ఊళ్లో అందరూ ఆ ఊరివాళ్లే కాబట్టి అక్కడ ఆ గుర్తుతో పని లేదు. విజయనగరాన్ని ఏలిన పూసపాటివారి పేరు కృష్ణా ప్రాంతపు పూసపాడు నుంచి వచ్చింది. విజయనగరంలో కన్యాశుల్కం రాసిన గురజాడ అప్పారావు (1862–1915) పేరు ముందున్న ఊరు కూడా కృష్ణా జిల్లాలోనిదే. ఉత్తరాంధ్రలో వలస అనే మాటతో ముగిసే ఊళ్లు చాలా ఉన్నాయి. ఆమదాలవలస అందరికీ తెలిసినదే. పాలవలస ఊరి పేరుగానూ ఉంది, ఇంటిపేరుగానూ ఉంది. ప్రయాణం చేసి వచ్చి స్థిరపడిన జ్ఞాపకం ఇలా ఊళ్లలోనూ, మనుషుల పేర్లలోనూ మిగిలింది.

రెండో వర్గం విద్యలూ యజ్ఞాలూ ఉద్యోగాలది. సోమయాగం చేసినవారి సంతతి సోమయాజులవారు అయ్యారు. వాజపేయం చేసినవారి ఇల్లు వాజపేయాజులవారిది. ద్వివేదుల, చతుర్వేదుల, అవధానుల, వేదుల అనేవి చదువును చెబుతాయి. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు 1864లో విజయనగరం ప్రాంతపు అజ్జాడలో పుట్టారు. ఆయన ఇంటిపేరులోని భట్ల పండితవంశాన్ని సూచిస్తుంది. పెట్టినపేరు మాత్రం సూర్యనారాయణ. దాసు అన్నది భక్తితో వచ్చింది. పుట్టుక ఇచ్చినదీ, తల్లిదండ్రులు పెట్టినదీ, తాను సాధించినదీ ఆ ఒక్క జీవితంలో మూడూ కలిశాయి.

మూడో వర్గం ప్రకృతిది. గుర్రం, ఏనుగు, మేకల, నక్కల, చీమల, చింతల, వేముల, ఉప్పల, పసుపుల వంటివి తెలుగునేలంతటా ఉన్నాయి. ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి 1909లో ఏడు సంపుటాలుగా వెలువరించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో ఇటువంటి పేర్లను ఎన్నో నమోదు చేశారు. తూర్పు కనుమల ఏజెన్సీలో ఈ సంబంధం ఇంకా స్పష్టం. అక్కడి తెగల్లో కిల్లో అంటే పులి, కొర్రా అంటే సూర్యుడు, పాంగి అంటే గద్ద. ఆ వంశంవారికి ఆ ప్రాణితో, ఆ వెలుగుతో చుట్టరికం ఉన్నట్టు భావన. మనిషికీ ప్రకృతికీ నడుమ గోడ లేని లోకదృష్టి అది.

అర్థం ఉంటేనే పేరా?

బొత్స, మజ్జి, ధర్మాన, కింజరాపు, కిమిడి, గొర్లె, గౌతు వంటి ఇంటిపేర్లు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అందరికీ తెలుసు. వాటిని వినగానే ఎవరికీ అర్థం గుర్తుకురాదు, మనుషులు గుర్తుకొస్తారు. పేరు పని చేయడానికి అర్థం కావాలా అనే చర్చ యాస్కుని నిరుక్తంలోనే ఉంది. నామాలన్నీ ధాతువుల నుంచే పుట్టాయని శాకటాయనుడన్నాడు. అన్నీ కాదని గార్గ్యుడన్నాడు. తరువాతి శాస్త్రకారులు శబ్దాలను విభజించి, అవయవాల అర్థంతో బోధించేవి యౌగికాలనీ, వాడుక బలంతో బోధించేవి రూఢాలనీ, రెండూ కలిసినవి యోగరూఢాలనీ అన్నారు.

ఇంటిపేరు యౌగికంగా పుట్టి రూఢంగా బతుకుతుంది. సోమయాజులవారి ఇంట ఇప్పుడెవరూ సోమయాగం చేయకపోవచ్చు. పోలవరపువారు పోలవరం చూసి ఉండకపోవచ్చు. అయినా పేరు చెల్లుతుంది. దాన్ని పుట్టించిన గుణం పోయినా పేరు నిలిచిందంటే, ఆ గుణం పేరుతో పాటు సంక్రమించదని తేలినట్టే. ‘ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు’ అనే సామెత ఈ సంగతినే చెబుతుంది. శాస్త్రకారుల విభజనా, పల్లెవాళ్ల సామెతా ఇక్కడ ఒక్కటే.

రూపాలు, శాఖలు

ఒకే ఇంటిపేరు వేరువేరు కులాల్లో ఉంటుంది. వేముల ఏ ఒక్క కులానిదీ కాదు. ఒకే ఊరి నుంచి వేరువేరు కులాలవారు కదిలివస్తే అందరికీ ఆ ఊరే ఇంటిపేరైంది. కాబట్టి ఇంటిపేరు వినగానే కులం తెలిసిపోతుందనుకోవడం చాలాసార్లు తప్పుతుంది. రాతలోనూ తేడాలున్నాయి. వజ్ఝల, వఝల, ముళ్ళపూడి, ముళ్లపూడి, గ్రంథి, గ్రంధి వంటివి ఒకే పేరుకు రెండు రూపాలు. ఇంగ్లీషు స్పెల్లింగుల్లో తేడాలు మరీ ఎక్కువ. అన్నదమ్ములిద్దరి పాస్‌పోర్టుల్లో ఒకే ఇంటిపేరు రెండు విధాలుగా ఉండటం కద్దు. పైగా పాశ్చాత్య దేశాల్లో కుటుంబనామం చివర రావాలి కాబట్టి, తెలుగులో ముందుండే ఇంటిపేరు అక్కడ వెనక్కి వెళుతుంది.

ఇంటిపేర్లు పుట్టే ఈ తీరు తెలుగువారికే పరిమితం కాదు. పదిహేడో శతాబ్దంలో భీమునిపట్నంలో వర్తక స్థావరం పెట్టి, 1825లో దాన్ని ఆంగ్లేయులకు అప్పగించిన డచ్చివారి పేర్లు కూడా ఈ దారుల్లోనే పుట్టాయి. యాన్సెన్ అంటే యాన్ కొడుకు. వాన్ డెన్ బెర్గ్ అంటే కొండవైపు నుంచి వచ్చినవాడు. డి వ్రీస్ అంటే ఫ్రీస్‌లాండ్‌వాడు. విస్సర్ జాలరి, బాకర్ రొట్టెలవాడు, స్మిట్ కమ్మరి. నెదర్లాండ్స్‌లో ఎక్కువమందికి ఉన్న డి యోంగ్ అనే పేరుకు చిన్నవాడు అని అర్థం. అక్కడ చాలామందికి అంతకుముందే ఇంటిపేర్లున్నాయి. ఉత్తర ప్రాంతాల్లో తండ్రి పేరుతోనే నడిచినవారు 1811లో నెపోలియన్ ఉత్తర్వుతో స్థిరమైన పేరు నమోదు చేసుకోవలసి వచ్చింది. ఆ అధికారులను ఆటపట్టించడానికే జనం వింత పేర్లు ఎంచుకున్నారని ఒక కథ ప్రచారంలో ఉంది. నిజానికి ఆ వింత పేర్లలో చాలా భాగం 1811కు ముందువే. పేరు పాతబడి అర్థం మసకబారినప్పుడు దాని చుట్టూ కథ అల్లుకోవడం ఏ దేశంలోనైనా జరిగేదే. తెలుగునాట స్థిరమైన ఇంటిపేరు అవసరం చాలావరకు ఉత్తర్వు లేకుండానే, పెళ్లి సంబంధాల వల్లా చావుపుట్టుకల ఆచారాల వల్లా తీరింది.

ఇంటిపేరు పట్టుకున్న ధర్మాలు

గోత్రానికీ ఇంటిపేరుకూ తేడా ఉంది. ధర్మసూత్రాలు విశ్వామిత్రుడు, జమదగ్ని, భరద్వాజుడు, గౌతముడు, అత్రి, వసిష్ఠుడు, కశ్యపుడు అనే ఏడుగురు ఋషులనూ, ఎనిమిదోవాడిగా అగస్త్యునీ గోత్రకర్తలుగా చెబుతాయి. గుళ్లో అర్చకుడు సంకల్పం చెప్పేటప్పుడు అడిగేది గోత్రం, నక్షత్రం, పెట్టినపేరు. దేవుడి ముందు ఇంటిపేరుతో పెద్దగా పని పడదు. మనుషుల మధ్య మాత్రం దానిదే పెత్తనం. ఉత్తరాంధ్రలో కొన్ని కులాల్లో చాలా కుటుంబాలు తమది నాగ గోత్రమనే చెబుతాయి. అందరిదీ ఒకే గోత్రమైనప్పుడు వావివరసలు దాన్నిబట్టి తేలవు. అక్కడ చూసేది ఇంటిపేరే. ఒకే ఇంటిపేరువారు అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ అవుతారు, వారి మధ్య పెళ్లి కుదరదు. మేనమామ పిల్లలది, మేనత్త పిల్లలది వేరే ఇంటిపేరు కాబట్టి మేనరికం చెల్లింది.

చావు, పుట్టుకలప్పుడు ఈ బంధం ఇంకా గట్టిగా తెలుస్తుంది. ఒక ఇంట్లో మరణం జరిగితే దాయాదులందరికీ మైల. ముఖపరిచయం లేని దాయాదికి కూడా అది తప్పదు. పెళ్లయి వెళ్లిన ఆడపిల్లకు పుట్టింటి మైల మూడు రోజులే, మెట్టినింటి మైల పూర్తిగా పాటించాలి. సంక్రాంతికి పెద్దలకు కొత్తబట్టలు పెట్టి తలచుకునే ఆచారమూ ఆ ఇంటి పెద్దల కోసమే. మనిషి దేవతలకూ ఋషులకూ పితృదేవతలకూ ఋణపడి పుడతాడని వేదం చెప్పింది. పితృఋణం అనే ఆ భావన రోజువారీ జీవితంలో తీసుకున్న రూపమే ఇంటిపేరు. ఎవరి దుఃఖంలో పాలు పంచుకోవాలో, ఎవరిని తోబుట్టువులుగా చూడాలో, ఎవరిని తలచుకోవాలో అది నిర్ణయిస్తుంది.

ఈ భావన ఎంత బలమైనదో రాజాం ప్రాంతపు చరిత్రలో తెలుస్తుంది. 1757 జనవరి 24న బొబ్బిలి కోట కూలిన రోజున ఆ సంస్థానపు సేనాని తాండ్ర పాపారాయుడు రాజాంలో ఉన్నాడు. తరువాత అతడు కోట పతనానికి కారకుడైన విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజును శిబిరంలో చంపి తానూ ప్రాణం విడిచాడు. కోటలో స్త్రీలూ పిల్లలూ బలైపోగా, బొబ్బిలి రాజు రంగారావు వంశంలో ఒక బాలుడు బతికాడు. అతని ద్వారానే ఆ వంశం మళ్లీ బొబ్బిలిలో నిలిచింది. ఇల్లు కాలినా ఇంటిపేరు మిగలాలనే ఆరాటం ఆ కథను పాడుకునే జనానికి ఇప్పటికీ అర్థమవుతుంది. అయితే అదే చరిత్ర మరో సంగతి కూడా చెబుతుంది. వంశగౌరవమే ప్రాణంకన్నా పెద్దదైనప్పుడు అందులో పాలులేని పసివాళ్లు కూడా దాని వెల చెల్లించవలసి వచ్చింది.

మార్పు

స్వరూపంలో భాగమైనది మారకూడదు. ఇంటిపేరు మారుతుంది, అదీ ధర్మశాస్త్రం ఒప్పుకున్న దారుల్లోనే. మొదటిది వివాహం. కన్యాదానంతో, సప్తపదితో వధువు భర్త గోత్రంలోకి వెళుతుంది. ఆచారం ఆమె ఇంటిపేరునూ మార్చింది. జనాభాలో సగంమంది జీవితం మధ్యలో ఇంటిపేరు మార్చుకున్నారంటే, అది మనిషి మూలస్వభావమని వాదించడం కష్టం. ఈ మార్పు స్త్రీకి మాత్రమే ఎందుకు విధించారన్నది న్యాయమైన ప్రశ్న. పితృఋణం ఇద్దరికీ ఉన్నా, దాన్ని తీర్చే అధికారం కొడుకు చేతుల్లో పెట్టిన వ్యవస్థే అందుకు కారణం.

రెండోది దత్తత. శ్రీశ్రీ 1910లో పూడిపెద్దివారింట పుట్టి, శ్రీరంగంవారికి దత్తుడై శ్రీరంగం శ్రీనివాసరావు అయ్యారు. 1956 నాటి హిందూ దత్తత చట్టం కూడా దత్తు వెళ్లిన బిడ్డకు జన్మకుటుంబంతో సంబంధాలు తెగి, కొత్త కుటుంబంతో ఏర్పడతాయని చెబుతుంది. పుట్టిన ఇంట్లో పెళ్లి చేసుకోకూడని వావి నిషేధం మాత్రం ఉంచుతుంది. ఇల్లరికపు అల్లుడి సంగతి దీనికి భిన్నం. అత్తింటి ఆస్తిలో వాటా వచ్చినా అతడు పుట్టింటికి పరాయివాడు కాడు.

మతం మారినప్పుడు మాత్రం ఇంటిపేరు మారనవసరం లేదు. మహాకవి గుర్రం జాషువా (1895–1971) పేరులో పెట్టినపేరు బైబిలుది, ఇంటిపేరు తెలుగుది. దేవుడు మారినా ఇల్లు మారలేదు.

మూడోది సన్న్యాసం. సన్న్యసించేవాడు తన శ్రాద్ధం తానే పెట్టుకుని పాత పేరును వదిలేస్తాడు. శంకర సంప్రదాయంలో తీర్థ, ఆశ్రమ, వన, అరణ్య, గిరి, పర్వత, సాగర, సరస్వతి, భారతి, పురి అనే పది నామాల్లో ఒకటి అతనికి వస్తుంది. మధ్వాచార్యుల శిష్యపరంపరకు చెందిన నరహరితీర్థులు కళింగంలో అధికారం నడిపి, శ్రీకూర్మంలో 1281 నాటి శాసనం వేయించారు. ఆ శాసనం ఆయన సన్న్యాసనామాన్నే నిలిపింది. ఋణం తీరితే పేరూ తీరిపోతుందని సన్న్యాసం చెబుతుంది. బతికుండగానే ఇంటిపేరు వదలవచ్చని సంప్రదాయమే ఒప్పుకుంది. పైగా అలా వదిలినవాడికి నమస్కరించింది.

దర్శనాల తీర్పు

ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు శ్వేతకేతువుకు మట్టి ఉదాహరణ చెబుతాడు. కుండ, మూకుడు అనే భేదాలు మాటలో ఉన్నవే, సత్యమైనది మట్టి. అదే ఉపనిషత్తులో సత్యకాముని కథ ఉంది. చదువు కోసం వెళ్లే ముందు గోత్రమేమిటని అతడు తల్లిని అడిగాడు. తనకు తెలియదని ఆమె చెప్పింది. అతడు హారిద్రుమత గౌతముని ముందు ఆ మాటే దాచకుండా చెప్పి, తల్లి పేరుతో సత్యకామ జాబాలుడయ్యాడు. గురువు ఆ సత్యాన్నే అర్హతగా తీసుకుని ఉపనయనం చేశాడు. గోత్రం అడిగిన సంప్రదాయమే, గోత్రం లేని నిజాన్ని అంతకన్నా గొప్పదిగా ఎంచింది. శంకరాచార్యులు అధ్యాస భాష్యంలో వర్ణం, ఆశ్రమం, వయసు వంటివి ఆత్మపై మనిషి ఆరోపించుకున్నవే అంటారు. ఆ ఆరోపణ లేనిదే కర్మకాండ నడవదని కూడా ఆయనే చెప్పారు. అంటే వ్యవహారంలో ఇంటిపేరు నిజం, పరమార్థంలో కాదు.

బౌద్ధం మరో అడుగు వేసింది. శాలిహుండం, రామతీర్థం కొండలమీది ఆరామాలు ఆ బోధ ఉత్తరాంధ్రలో శతాబ్దాలపాటు నిలిచిందని చెబుతున్నాయి. మిలిందపన్హ అనే బౌద్ధ గ్రంథంలో భిక్షువు నాగసేనుడు తనను ఆ పేరుతో పిలుస్తారనీ, అది వ్యవహారం కోసం పెట్టుకున్న సంకేతమేననీ, దాని వెనుక మార్పులేని వ్యక్తి లేడనీ రాజుకు రథం దృష్టాంతంతో నిరూపిస్తాడు.

సీతంపేట కొండల్లోని సవరల పాత ధర్మం ఇందుకు పూర్తిగా భిన్నం. వారికి గోత్రాలు లేవు. బిరిందా అనే రక్తబంధువుల సమూహం ఉంది. చనిపోయిన పూర్వికుని పేరు అదే వంశంలో పుట్టిన బిడ్డకు పెడతారు. పేరుతో పాటు ఆ పెద్ద కూడా తిరిగి ఇంటికి వచ్చినట్టే. ఇక్కడ పేరు సంకేతం కాదు, సాన్నిధ్యం. ఆ సాన్నిధ్యం కూడా బిడ్డకు హోదా ఇవ్వడానికి కాదు. చనిపోయినవారితో తెగని బాంధవ్యం నిలపడానికే.

ఈ దర్శనాలు తమలో తాము విభేదించినా ఒక విషయంలో కలుస్తాయి. పేరు సంబంధాన్ని చెబుతుంది, మనిషి యోగ్యతను చెప్పదు.

నేటి ప్రశ్న

ఆచరణలో ఈ తీర్పును దాటి నడిచిన సందర్భాలు లెక్కలేనన్ని. ఇంటిపేరు అడగడం చాలాచోట్ల కులం అడగడానికి మర్యాదైన దారిగా మారింది. దానితో అద్దె ఇల్లూ ఉద్యోగమూ పెళ్లీ నిర్ణయమైనప్పుడు, ఋణానికి గుర్తయిన పేరు ఇతరులను దూరం పెట్టే గుర్తయింది. కులసూచకాన్ని పేరు చివరి నుంచి తీసేసినవారు ఇంటిపేరును మాత్రం ఉంచుకున్నారు. తొలగించవలసినది వెలివేసే వాడుకను, పెద్దల జ్ఞాపకాన్ని కాదు.

చట్టం నెమ్మదిగా ఇదే దారి పట్టింది. సగోత్ర వివాహాలకు 1946 చట్టం చెల్లుబాటు ఇచ్చింది. 2022లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వచ్చిన ఒక కేసులో, భర్త మరణించాక తిరిగి పెళ్లాడిన తల్లికి బిడ్డ ఇంటిపేరు నిర్ణయించే హక్కు ఉందని సుప్రీంకోర్టు చెప్పింది. ఇంటిపేరు వంశసూచన మాత్రమే కాదనీ, బిడ్డకు కుటుంబంలో తానొకణ్ణనే భావన ఇచ్చేదనీ కోర్టు భావించింది. నెదర్లాండ్స్‌లో 1998 నుంచి తల్లి పేరునైనా ఎంచుకునే వీలుంది, 2024 నుంచి ఇద్దరి పేర్లూ కలిపి పెట్టవచ్చు.

కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు స్పష్టమే. ఇంటిపేరు ఆత్మకు అంటిన గుణం కాదు. ఊరు విడిచి వచ్చినవారు, యాగం చేసినవారు, అడవిని చుట్టంగా భావించినవారు తరువాతివారికి అప్పగించిన సంబంధం అది. పెళ్లిలో మారుతుంది, దత్తతలో మారుతుంది, సన్న్యాసంలో పోతుంది. ఉన్నంతకాలం మాత్రం చావులో తోడు నిలవమనీ, పెద్దలను మరవవద్దనీ అడుగుతుంది. ఆ అడిగినది చేసినవారే ఇంటిపేరు నిలబెట్టినవారు. పుట్టిన వంశాన్ని చెప్పి గౌరవం కోరడానికి ఆ పేరులో ఆధారం లేదు.